కిరండూల్ ఇనుము, జపాన్ బొంగరం

1960 మార్చిలో భారత ప్రభుత్వానికీ జపాన్ ఉక్కు కర్మాగారాల బృందానికీ ఒక ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలాడీలా కొండల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజాన్నీ, కిరిబూరు గనుల నుంచి మరో 20 లక్షల టన్నులనూ జపాన్‌కు పంపాలన్నది దాని సారాంశం. బైలాడీలా అంటే ఎద్దు మూపురం. ఆకారాన్ని బట్టి అడవి బిడ్డలు పెట్టుకున్న ఆ పేరు అప్పటి నుంచి ఎగుమతి పత్రాలకెక్కింది. ఆ ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. 58 సొరంగాలు, సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున సిమిలిగూడ స్టేషను, దిగువన విశాఖ రేవు. 1968లో 14వ నిక్షేపం నుంచి తవ్వకం ఆరంభమైంది. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అంటే ఎన్ఎండీసీ, ఈ గనులకు యజమాని. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. కొండ బస్తర్‌ది, రేవు విశాఖది, కార్యాలయం హైదరాబాదుది, కొలిమి జపాన్‌ది.

ఆ ఒప్పందం కుదిరిన నలభై ఏళ్లకు, 2001 జనవరి 8న, టీవీ టోక్యోలో పిల్లల కోసం ఒక యానిమేషన్ ధారావాహిక మొదలైంది. దాని పేరు బేబ్లేడ్. తకావో అయోకి 1999 నుంచి గీస్తూ వచ్చిన బొమ్మల కథ దానికి ఆధారం. తకారా అనే ఆటబొమ్మల కంపెనీ అదే ఏడాది విడుదల చేసిన బొంగరాలు దానికి మూలధనం. గుండ్రని తొట్టిలోకి రెండు బొంగరాలను విసిరి, ఏది చివరిదాకా తిరుగుతుందో చూడటమే అందులోని పోరు. ఇంత చిన్న విషయం మీద వందల భాగాల కథ నడిచింది. కొన్నేళ్లలోనే అది కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా భారతదేశపు ఇళ్లలోకీ వచ్చింది. ఈ దేశంలో ఒక తరం పిల్లలు టైసన్, కై, రే, మాక్స్ అనే పేర్లను తరగతి గది హాజరుపట్టీలోని పేర్లంత సులువుగా పలికారు.

రాజకీయాలు పట్టించుకునేవారికి ఇది పనికిమాలిన ముచ్చటగా తోచవచ్చు. కానీ ఆ ధారావాహికలో జనం ఇప్పటికీ గుర్తుంచుకున్న పోరాటాలను వరుసగా పేర్చి చూస్తే, వాటన్నిటి అడుగున ఒకే ప్రశ్న కనిపిస్తుంది: ఈ శక్తి ఎవరి సొత్తు? తిప్పేవాడిదా, తయారు చేసేవాడిదా, దాన్ని లాక్కోగలిగిన సంస్థదా? కిరండూల్ అరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే. అక్కడి ఖనిజాన్ని కొనుక్కున్న దేశమే ఆ ప్రశ్నను పిల్లల కథగా మలిచి ప్రపంచానికి అమ్మింది.

ఇనుప బొంగరం పుట్టుక

బేబ్లేడ్‌కు తాత బేగోమా. జపాన్‌లో మొదట బై అనే సముద్రపు నత్త గుల్లలో ఇసుక నింపి, మైనంతో మూసి తిప్పేవారు. గుల్ల స్థానంలోకి ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో పోత ఇనుము వచ్చింది. టోక్యోకు ఉత్తరాన సైతామా ప్రాంతంలోని కవాగుచి పట్టణం పోత పనికి పేరు మోసింది. బేగోమా పేరు చెప్పగానే ఆ ఊరే గుర్తుకొస్తుంది. పీపా మీద గుడ్డను కొంచెం లోతుగా బిగించి, దాని మీదికి రెండు బొంగరాలను విసిరేవారు. బయటకు ఎగిరిపడినది ఓడినట్టు. ఓడినవాడి బొంగరం గెలిచినవాడికి దక్కేది. అందుకే బడిపంతుళ్లు దాన్ని జూదమని నిషేధించేవారు, పిల్లలు సందుల్లోకి మార్చుకునేవారు.

తెలుగువారి బొంగరం దీనికి దగ్గరి చుట్టమే. వడ్రంగి చెక్కిన కర్ర, కమ్మరి దిగ్గొట్టిన ములికి, మీద చుట్టిన జాటీ. నేల మీద గిరి గీసి, ఓడినవాడి బొంగరాన్ని మధ్యలో పెట్టి, మిగిలినవారు తమ ములికితో దాన్ని పొడిచేవారు. చెక్క చీలితే ఆట అయిపోయినట్టు. గాట్లు పడిన బొంగరం పిల్లవాడికి అవమానం, గాట్లు పెట్టిన బొంగరం గౌరవం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీన్ని భౌంరా అంటారు. హరేలీ పండుగనాడు పిల్లలు వెదురు గెడల మీద నడిచినట్టే, భౌంరా తిప్పడం కూడా అక్కడి పల్లె జీవితంలో భాగం. మూడు చోట్లా ఆట ఒకటే, ఆ ఆటకు ప్రాణం పోసేది ఇనుమే. జపాన్‌లో బొంగరం మొత్తం ఇనుము, ఇక్కడ దాని మొన మాత్రం ఇనుము.

ఇనుము పిల్లల చేతిలో ఉన్నంతకాలం అది ఆటవస్తువు. రాజ్యం కన్ను పడగానే అది యుద్ధ సామగ్రి. 1941లో జపాన్ ప్రభుత్వం లోహాల సేకరణకు ఆజ్ఞ జారీ చేసింది. గుడి గంటలు, వంతెనల కటకటాలు, ఇంటి పాత్రలు కొలిమిలోకి వెళ్లాయి. యుద్ధకాలంలో బేగోమాలను పింగాణీతోనూ గాజుతోనూ చేశారు. అవి ఒకదానినొకటి ఢీకొంటే పగిలిపోయేవి. యుద్ధం ముగిశాక ఇనుప బొంగరం సందుల్లోకి తిరిగి వచ్చింది. అయితే ఓడిపోయిన ఆ దేశం ఉక్కు పరిశ్రమను మళ్లీ నిలబెట్టుకోవాలంటే ఖనిజం కావాలి, సొంత గడ్డ మీద అది చాలినంత లేదు. దాని చూపు మొదట ఆసియా తీరాల మీద, ఆ పైన బైలాడీలా మీద పడింది. 1960 నాటి ఒప్పందానికి నేపథ్యం అదే. జపాన్‌కు బస్తర్ అవసరమైంది, స్వతంత్ర భారతానికి విదేశీ మారకద్రవ్యం అవసరమైంది. కొండ మీద బతికేవారి అవసరం ఏమిటన్నది ఆ బేరంలో ఎక్కడా ప్రస్తావనకు రాలేదు.

బైకాల్ మంచు మీద

తొలి ధారావాహికలో అత్యధికులు గుర్తుంచుకున్న పోరు రష్యాలో, గడ్డకట్టిన బైకాల్ సరస్సు మీద జరుగుతుంది. కై అనే యువకుడు జట్టును వదిలి, తాను చిన్నప్పుడు పెరిగిన మాస్కో మఠానికి తిరిగి వెళ్తాడు. ఆ మఠం పైకి ధార్మిక సంస్థ, లోపల బయోవోల్ట్ అనే కార్పొరేషన్ నడిపే శిక్షణ శిబిరం. దాని యజమాని వోల్టైర్, కైకి స్వయానా తాత. శిబిరాన్ని నడిపే బోరిస్ పిల్లలను బొంగరాల సైనికులుగా తయారు చేస్తుంటాడు. అక్కడ కైకి బ్లాక్ డ్రాంజర్ అనే బొంగరం దొరుకుతుంది. ఎదుటివారి బొంగరాల్లో కొలువైన దివ్యమృగాలను అది మింగేస్తుంది. మంచు మీద కై తన పాత మిత్రుల శక్తులను ఒక్కొక్కటిగా లాగేసుకుంటాడు. చివరికి టైసన్ చేతిలో ఓడిపోతాడు. కాళ్ల కింద మంచు చిట్లి నీళ్లలోకి జారిపోతుంటే, అతను దోచుకున్న మిత్రులే చేయి చాస్తారు.

ఈ సన్నివేశం ఇన్నేళ్లు నిలిచిపోవడానికి కారణం ఆ చేయి చాపడమే. కై ఓడినందువల్ల సిగ్గుపడడు. తనది కాని శక్తితో గెలుస్తూ వచ్చానని గ్రహించినందువల్ల సిగ్గుపడతాడు. ఆ బొంగరాన్ని తిరిగి ఇచ్చేసి, తన పాత డ్రాంజర్‌తోనే జట్టులోకి వస్తాడు. తరువాత మాస్కోలో జరిగే ప్రపంచ పోటీ తుదిపోరులో అతను ఓడిపోతాడు కూడా. గెలుపు భారం రే మీదా, టైసన్ మీదా పడుతుంది. బ్రయన్‌తో రే ఆడిన ఆట ఆ ధారావాహికలోకెల్లా క్రూరమైనది. ఎదుటి బొంగరం రేపే గాలి కత్తిలా అతని ఒంటిని కోస్తుంటుంది. అతను నెత్తురోడుతూ నిలబడి గెలిచి, కుప్పకూలతాడు. ఆట పేరుతో పిల్లవాడి శరీరాన్ని గాయపరచే సంస్థ ఎలాంటిదో ఆ ఒక్క పోరు చెప్పేస్తుంది. ఆ పైన టాలా మీద టైసన్ గెలుపుతో బయోవోల్ట్ కుట్ర కూలుతుంది.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని దాటవేయడం తగదు. పిల్లల ఆటను సంస్థలు కబళించరాదని బోధించిన ఈ కథ, బొమ్మలు అమ్మడానికే పుట్టింది. తెర మీద కొత్త బొంగరం కనిపించిన వారానికే అది దుకాణంలో కనిపించాలన్నది ఆ వ్యాపారపు లెక్క. కథలో నీతి పిల్లవాడికి, లాభం కంపెనీకి. అయినా ఆ నీతి అబద్ధమైపోదు. అమ్మకానికి పెట్టిన కథలో సైతం జనం హృదయానికి తాకేది న్యాయం గెలిచే ఘట్టమేనని ఆ కంపెనీకి తెలుసు. దాన్ని అమ్మింది కాబట్టే తెలుసు.

బొంగరం మీద గుత్తాధిపత్యం

మూడో ధారావాహిక 2003 నాటిది. రాజకీయంగా అన్నిటికంటె పదునైనది అదే. పాత శత్రువు బోరిస్ ఈసారి సంస్కర్త వేషంలో తిరిగి వస్తాడు. బెగా అనే కొత్త సంస్థను స్థాపించి, ఆటను వృత్తిగా మారుస్తానని, పిల్లలకు భవిష్యత్తు చూపిస్తానని ప్రకటిస్తాడు. పాత క్రీడాసంఘం కూలిపోతుంది. బెగాలో చేరినవారికే పోటీలు, వారికే విడిభాగాలు. చేరనివారి బొంగరం విరిగితే బాగుచేసుకునే దారి ఉండదు. ఒక్కరి మీదా దాడి జరగదు, ఒక్క బొంగరాన్నీ ఎవరూ బలవంతంగా లాక్కోరు. సరఫరా ఆపేస్తారు, అంతే. గుత్తాధిపత్యం ఎలా పనిచేస్తుందో పదేళ్ల పిల్లవాడికి ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం.

ఈ భాగంలో చిరస్మరణీయమైనవి కై, బ్రూక్లిన్‌ల రెండు పోరాటాలు. బ్రూక్లిన్ పుట్టుకతో వచ్చిన ప్రతిభ గలవాడు, శ్రమ అన్నది ఎరుగడు. తొలిసారి అతని చేతిలో కై చిత్తుగా ఓడతాడు. రెండోసారి ఒళ్లు హూనమయ్యేదాకా నిలబడి, తన బొంగరపు ఆఖరి శక్తినీ వెచ్చించి గెలుస్తాడు. ఓటమి ఎరుగని బ్రూక్లిన్ మనసు ఆ ఒక్క దెబ్బకు విరిగిపోతుంది. ఆ విరిగిన మనసు రేపిన చీకటితో టైసన్ తలపడటమే ఆఖరి పోరు. పాత ప్రత్యర్థులందరి తోడ్పాటుతో టైసన్ గెలుస్తాడు, బెగా కూలుతుంది. అనుభవంతో పదును తేలిన చేయి, అప్పనంగా వచ్చిన బలాన్ని ఓడించగలదన్న నమ్మకం ఆ పోరాటాల సారం.

కిరండూల్ చరిత్రలో ఈ నమ్మకం ఒకసారి పరీక్షకు నిలిచింది. అక్కడ ముగింపు వేరుగా ఉంది.

1978 ఏప్రిల్

తొలి ఏళ్లలో బైలాడీలాలో యంత్రాలతో పాటు చేతి పని కూడా సాగేది. కాంట్రాక్టర్ల కింద వేలాది కూలీలు గడ్డపారతో, సుత్తితో ఖనిజాన్ని పగలగొట్టి ఎత్తేవారు. వారిలో బస్తర్ ఆదివాసులున్నారు, ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతపు పేదలున్నారు. 1970ల మధ్యకు చమురు సంక్షోభం తరువాతి మాంద్యంలో ప్రపంచ ఉక్కు గిరాకీ తగ్గింది. జపాన్ కొనుగోళ్లు మందగించాయి. 1977లో బచేలీ వైపు 5వ నిక్షేపంలో కొత్త యాంత్రిక గని మొదలైంది. చేతి పని అక్కర్లేదని తేల్చారు. కాంట్రాక్టు కూలీలను తొలగించారు. బెగా విడిభాగాలు ఆపినట్టే ఇక్కడ పని ఆపారు. కాకపోతే ఇక్కడ ఆగింది ఆట కాదు, కూడు.

కూలీలు కదలలేదు. అప్పటికి ఢిల్లీలోనూ, భోపాల్‌లోనూ జనతా పార్టీ ప్రభుత్వాలే. అత్యవసర పరిస్థితి చీకటి నుంచి దేశాన్ని బయటకు తెచ్చామని చెప్పుకున్నవారి ఏలుబడిలోనే, 1978 ఏప్రిల్ తొలి రోజుల్లో, కిరండూల్‌లో పోలీసులు కూలీల మీద కాల్పులు జరిపారు. కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కూలీల గుడిసెలు తగలబడ్డాయి. కొండ మీద పని యంత్రాలదైంది. ఆ తరువాత కొన్నేళ్లపాటు ఉత్తరాన దల్లీరాజహరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన కార్మికులు పూర్తి యాంత్రీకరణను ఎదిరించినప్పుడు, వారి ముందు నిలిచిన హెచ్చరిక బైలాడీలాయే. అక్కడ ఏం జరిగిందో చూశారు కాబట్టే ఇక్కడ ముందుగా మేల్కొన్నారు. ఒక చోటి ఓటమి మరో చోటి పోరుకు పాఠమైన సందర్భం అది.

విశాఖ కూడా ఇలాంటి పాఠాన్నే మరో విధంగా నేర్చుకుంది. కిరండూల్ ఖనిజం తమ ఊరి మీదుగా ఓడలెక్కి పోతుంటే, ఉక్కు కర్మాగారం మాకు కావాలంటూ 1966లో తెలుగునేల కదిలింది. 1971లో శంకుస్థాపన జరిగింది. కానీ ఆ కర్మాగారానికి సొంత గని దక్కలేదు. ఎన్ఎండీసీ దగ్గర బైలాడీలా ఖనిజాన్ని కొనుక్కుంటూ బతకవలసి వచ్చింది. 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు చెప్పిన మాట నష్టాలు. సొంత ఖనిజం లేకపోవడం ఆ నష్టాలకు ముఖ్య కారణాల్లో ఒకటన్న సంగతి ఉద్యమకారులు చెబుతూనే ఉన్నారు. విడిభాగాలు ఇవ్వకుండా ఆటలో వెనుకబడ్డావని నింద వేయడం కథలోనే కాదు, విధానాల్లోనూ ఉంటుంది.

కోమా గ్రామం, నందరాజ్ కొండ

2009లో బేబ్లేడ్ కొత్త అవతారమెత్తింది. తకారా అప్పటికే 2006లో టోమీ కంపెనీతో కలిసిపోయింది. ఈసారి బొంగరానికి లోహపు చక్రం వచ్చింది. పేరూ అందుకు తగ్గదే, మెటల్ ఫ్యూజన్. కథానాయకుడి పేరు గింగ్కా హగానే. జపాన్ భాషలో హగానే అంటే ఉక్కు. అతని ఊరు కొండల నడుమ దాగిన కోమా గ్రామం. కోమా అంటే బొంగరం. ఆ ఊరి పురాణం ప్రకారం, ఆకాశం నుంచి రాలిన నక్షత్ర శకలం నుంచి తొలి బొంగరాలు పుట్టాయి. వాటిలో ఒకటి పెగాసస్. ప్రమాదకరమైన మరొకటి ఎల్-డ్రాగో. దాన్ని ఊరివారు ఎవరికీ చిక్కకుండా దాచి కాపాడుతూ వచ్చారు.

డార్క్ నెబ్యులా అనే సంస్థ తరఫున డోజీ, ర్యూగా అనే ఇద్దరు వచ్చి ఆ ఎల్-డ్రాగోను ఎత్తుకుపోతారు. అడ్డుపడిన గింగ్కా తండ్రి ఆ పోరులో ఓడి, పెగాసస్‌ను కొడుకు చేతిలో పెడతాడు. ధారావాహిక మొత్తానికి మూలం ఈ దొంగతనమే. చివరి పోటీలో ర్యూగా ఒక్కొక్క ప్రత్యర్థినీ శక్తి పీల్చి నేలకూలుస్తాడు. ఎల్-డ్రాగో ఎడమ వైపుకు తిరుగుతుంది. కుడి వైపుకు తిరిగే బొంగరాన్ని తాకినప్పుడల్లా దాని వేగాన్ని తనలోకి లాక్కుంటుంది. ఇది కేవలం కల్పన కాదు, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు బొంగరాల అంచులు ఒరుసుకుంటే ఒకదాని భ్రమణం రెండోదానికి బదిలీ కావడం నిజమైన భౌతికశాస్త్రమే. ఆఖరికి ఆ శక్తి ర్యూగానే మింగేస్తుంది. గింగ్కా గెలిచినది అతన్ని మాత్రమే కాదు, అతన్ని మింగిన శక్తిని కూడా.

కొండ ఊరు, దాచుకున్న లోహం, బయటి నుంచి వచ్చిన సంస్థ. ఈ వరుస బస్తర్ పాఠకుడికి కొత్త కాదు. కిరండూల్ పక్కన 13వ నిక్షేపమున్న నందరాజ్ కొండ ఆదివాసులకు దేవుడు. 2019 జూన్‌లో చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది ఆదివాసులు బియ్యం, వంటపాత్రలు మోసుకుని కిరండూల్ వచ్చి ఎన్ఎండీసీ ద్వారం ముందు బైఠాయించారు. ఆ నిక్షేపం ఎన్ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థల ఉమ్మడి కంపెనీ చేతిలో ఉంది. తవ్వకం కాంట్రాక్టు అదానీ సంస్థకు దక్కింది. హిరోలి గ్రామసభ 2014లో సమ్మతి తెలిపిందని కాగితాలు చెబుతున్నాయి. అలాంటి సభే జరగలేదని గ్రామస్థులు అన్నారు. దాదాపు వారం రోజుల తరువాత, చెట్ల నరికివేత ఆపుతామని, గ్రామసభ తీర్మానంపై విచారణ జరిపిస్తామని అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం హామీ ఇచ్చాక ధర్నా ముగిసింది.

ఆ వారం రోజుల్లో అక్కడ గుమిగూడినవారు అడిగింది పరిహారం కాదు, ఉద్యోగం కాదు. మా దేవుణ్ణి అమ్మే హక్కు మీకెవరిచ్చారన్నది వారి ప్రశ్న. 1960లో ఎవరూ వారిని అడగని ప్రశ్నను 2019లో వారే ఎదురు అడిగారు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఒక గొంతు ఇచ్చాయి. ఆ గొంతును దొంగ సంతకం నొక్కగలదా అన్నదే నందరాజ్ కొండ దగ్గర తేలవలసిన విషయమైంది.

ఇంతలో చరిత్ర మరో చుట్టు తిరిగింది. కిరండూల్ నుంచి విశాఖకు ఖనిజాన్ని నీటితో కలిపి పంపే 267 కిలోమీటర్ల గొట్టపు మార్గాన్ని ఎస్సార్ సంస్థ 2006 నాటికి నిర్మించింది. ఆ సంస్థ దివాలా తీసింది. 2019 డిసెంబరులో దాన్ని ఆర్సెలర్ మిత్తల్, నిప్పన్ స్టీల్ కలిసి కొన్నాయి. నిప్పన్ స్టీల్ అంటే 1970లో యవాటా, ఫుజి అనే జపాన్ ఉక్కు కంపెనీలు కలిసి ఏర్పడినది. ఒకప్పుడు ఓడ కోసం రేవులో ఎదురుచూసిన కొనుగోలుదారు, అరవై ఏళ్లకు కిరండూల్‌లోనే యజమానుల్లో ఒకడయ్యాడు. కొండ నుంచి దిగే శంఖినీ నది మాత్రం గనుల మట్టితో ఎర్రగా పారుతూనే ఉంది. అది దంతెవాడ దగ్గర డంకినిలో కలుస్తుంది, ఆ సంగమం ఒడ్డున దంతేశ్వరి గుడి ఉంది.

పాలకుల చేతిలో బొంగరం

బొంగరం రాజకీయాల్లోకీ వచ్చింది. 2022 అక్టోబరు 6న ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌ను ప్రారంభించారు. గిల్లీదండా, పిట్ఠూల్, గెడి పరుగు, కబడ్డీ వంటి 14 ఆటల్లో భౌంరా ఒకటి. పల్లె నుంచి రాష్ట్రస్థాయి దాకా ఆరు అంచెల్లో పోటీలు జరిగాయి. బఘేల్ స్వయంగా భౌంరా తిప్పి అరచేతిలోకి ఎక్కించుకునే దృశ్యాలు పత్రికల్లో తరచుగా వచ్చేవి. పోటీ బొంగరానికి ఒక ప్రభుత్వం అధికారిక గౌరవం ఇచ్చిన అరుదైన సందర్భమది. 2023 చివర ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడింది. కొత్త ప్రభుత్వం 2024లో బస్తర్ ఒలింపిక్స్ పేరిట వేరే పోటీలు నిర్వహించింది. విలువిద్య, ఫుట్‌బాల్, కబడ్డీ, ఖోఖో వంటివి వాటిలో ప్రముఖమయ్యాయి. డిసెంబరులో జగ్దల్‌పూర్‌లో జరిగిన ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చారు. నక్సలిజం అంతం అక్కడి ప్రధాన సందేశం. ఒక ప్రభుత్వానికి ఆట ప్రాంతీయ అస్తిత్వపు గుర్తు, మరో ప్రభుత్వానికి శాంతిభద్రతల విజయానికి గుర్తు. జెండా మారినప్పుడల్లా ఆట అర్థమూ మారింది.

ఢిల్లీ కూడా ఆటబొమ్మలను వదల్లేదు. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో అది 70 శాతమైంది. 2020 ఆగస్టు మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ స్వదేశీ బొమ్మల గురించి మాట్లాడుతూ అనకాపల్లి జిల్లాలోని, అప్పటి విశాఖ జిల్లాలోని, ఏటికొప్పాకను ప్రస్తావించారు. వరాహ నది ఒడ్డున ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను చట్రం మీద తిప్పి, లక్కరంగులు పూసి బొంగరాలూ బొమ్మలూ చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపున్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. ఇది మంచి నిర్ణయమే. విదేశీ బొంగరానికి సుంకం వేసి ఏటికొప్పాక బొంగరాన్ని కాపాడాలనుకోవడంలో తప్పు లేదు.

అయితే ఆ న్యాయం బొంగరం దగ్గరే ఆగిపోకూడదు. చేతిపనివాడి బొంగరం విలువ తెలిసిన విధానకర్తకు, 1978లో గడ్డపార పట్టిన చేయి విలువ కూడా తెలియాలి. దిగుమతి బొమ్మ స్వదేశీ పనివాడి పొట్ట కొడుతుందని వాదించేవారు, ముడి ఖనిజం ఎగుమతి కొండవాడి పొట్టకు ఏం చేసిందో కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 3న జగ్దల్‌పూర్ సమీపాన నగర్నార్‌లో ఎన్ఎండీసీ ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. బస్తర్ ఖనిజం బస్తర్‌లోనే ఉక్కు కావడానికి తొలి తవ్వకం నుంచి 55 ఏళ్లు పట్టింది. అది పుట్టకముందే దాని అమ్మకపు ప్రతిపాదన పుట్టింది. బస్తర్‌లో అందుకు వ్యతిరేకంగా బందులూ జరిగాయి.

ఆఖరి రౌండు

బేబ్లేడ్ కథల్లో ఓడినవాడికి ఎప్పుడూ మరో పోరు ఉంటుంది. కైకి బ్రూక్లిన్‌తో రెండో అవకాశం దొరికింది, గింగ్కాకు తండ్రి ఓటమిని సరిదిద్దే వేదిక దొరికింది. దొంగిలించిన శక్తి చివరికి ఇల్లు చేరుతుంది. అలా చేరుతుందన్న భరోసా కోసమే పిల్లలు ఆ కథలను మళ్లీ మళ్లీ చూస్తారు. చరిత్ర అలాంటి భరోసా ఇవ్వదు. బైలాడీలా నుంచి పోయిన కొండ తిరిగి రాదు, 1978లో పోయిన ప్రాణాలు తిరిగి రావు.

చరిత్ర ఇవ్వగలిగింది వేదిక మాత్రమే. ఆ వేదిక పేరు గ్రామసభ. దానికి చట్టం ఉంది, తేదీ వేసే కాగితం ఉంది, వేలిముద్ర పెట్టే చోటు ఉంది. హిరోలిలో ఆ వేలిముద్ర నిజమైనదేనా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగితే చాలు, అరవై ఏళ్ల తరువాతైనా కిరండూల్‌కు తన రెండో ఆట దొరికినట్టే. తాడు ఎవరి చేతిలో ఉండాలో ఆ సభే తేల్చాలి. ఢిల్లీ, రాయపూర్, హైదరాబాద్ చేయవలసిన పని ఒక్కటే: గిరి బయట నిలబడి, ఆట నిజాయితీగా సాగనివ్వడం.